చాకలి గుర్తు, చాకలి పద్దు

మూట కట్టేటప్పుడు అమ్మ క్యాలెండరు వెనక లెక్క రాసుకునేది: పంచెలు నాలుగు, చీరలు ఆరు, దుప్పటి ఒకటి. చాకలాయన మాత్రం కాగితం ముట్టేవాడు కాదు. కర్నూలులో మా వీధి బట్టలన్నీ ఆయన గాడిద మీదే తుంగభద్ర ఒడ్డుకు పోయేవి. అక్కడ అందరివీ ఒకే చౌడు, ఒకే బాన, ఒకే బండ, ఒకే దండెం. అయినా మర్నాటి సాయంత్రానికి ఎవరి చొక్కా వాళ్ళింటికి చేరేది. మా నాన్న పంచె పక్కింటాయన కట్టుకున్న రోజు నాకు గుర్తు లేదు.

కిటుకు కాలరు లోపల ఉండేది. రెండు చుక్కలు, వాటి కింద ఓ అడ్డగీత: అది మా ఇల్లు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో గుర్తు పెట్టి, మీద తడి సున్నం అద్దేవాడు. రసం చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. గుడ్డకు పట్టిందంటే గుడ్డ చిరగాలే గానీ గుర్తు చెరగదు. మా ఇంటికి రెండు చుక్కలే ఎందుకు వచ్చాయో ఎన్నోసార్లు అడిగాను. "నీకెందుకబ్బా? నాకు తెలిస్తే చాల్లే" అనేవాడు.

వెబ్‌సైట్లు పెట్టే కుకీ అంటే ఇదేనని నలభై ఏళ్ళ తర్వాత గానీ నాకు తట్టలేదు. గుర్తు పెట్టింది ఆయన. అది ఉన్నది మన చొక్కా మీద. మోసుకు తిరిగేది మనం, మళ్ళీ మూటలో వేసి ఆయన దగ్గరికే పంపేదీ మనమే. చదవగలిగింది మాత్రం ఆయనొక్కడే.

పేరు సంగతి ముందే తేల్చేద్దాం. అమెరికాలో కుకీ అంటే బిస్కెట్టు. మన దగ్గర బిస్కెట్టు వేయడమంటే తియ్యగా మాట్లాడి పని గడుపుకోవడం కాబట్టి ఈ పేరు మనకే ఎక్కువ నప్పుతుందని నా మిత్రుడొకడి వాదన. అసలు కథ అంత రుచిగా లేదు. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముకు ఒక చిన్న ముక్క ఇచ్చి, దాన్నే మార్చకుండా తిరిగి పుచ్చుకునే పద్ధతి యూనిక్స్ కంప్యూటర్లలో ఉండేది. ఆ ముక్కను 'మ్యాజిక్ కుకీ' అనేవాళ్ళు. ఆ మాటే వెబ్‌లోకి వచ్చింది.

ఇంతకీ గుర్తు అవసరం ఎందుకు పడింది? వెబ్‌కు పుట్టుకతో మతిమరుపు. 1989లో సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ దీన్ని తలపెట్టినప్పుడు శాస్త్రవేత్తలు ఒకరి కాగితాలు ఒకరు చదువుకుంటే చాలనుకున్నాడు. కాగితం అడగాలి, కాగితం ఇవ్వాలి, అంతటితో సరి. అడిగిందెవరు, ఇందాక వచ్చినవాడే మళ్ళీ వచ్చాడా అన్నది ఇచ్చేవాడికి అనవసరం. ఈ ఇచ్చిపుచ్చుకోలు మర్యాదలకే హెచ్‌టీటీపీ అని పేరు. ఆ మర్యాద ప్రకారం సర్వరు, అంటే సైటు నడిపే కంప్యూటరు, మనం వేసే ప్రతి క్లిక్కునూ మొదటిసారి చూసిన మనిషిని చూసినట్టే చూస్తుంది. అచ్చంగా గజిని. సినిమాలో ఆ మతిమరుపు మనిషి గుర్తులన్నీ తన ఒంటి మీదే పొడిపించుకుంటాడు. ఇక్కడ తేడా ఏమిటంటే మరిచిపోయేది సర్వరు, పచ్చబొట్టు పడేది మన ఒంటి మీద.

చదువుకోవడానికైతే మతిమరుపుతో ఇబ్బంది లేదు. అంగడి పెట్టాలన్నప్పుడే చిక్కు వచ్చింది. 1994లో ఎంసీఐ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీ ఇంటర్నెట్‌లో సరుకులమ్మే సైటు కట్టాలనుకుని, బ్రౌజరు తయారుచేస్తున్న నెట్‌స్కేప్ కంపెనీ దగ్గరికి వెళ్ళింది. కొనేవాడు బుట్టలో ఏం వేసుకున్నాడో, బేరం ఎంతవరకు వచ్చిందో మా సర్వర్లు మోయడం కుదరదు, వేరే దారి చూడమంది. అక్కడి ఇంజనీరు లూ మోంటూలి చూపిన దారే కుకీ. సగం బేరం సంగతి కొనేవాడి కంప్యూటరులోనే దాచిపెట్టి, అతను వచ్చినప్పుడల్లా వెంట తెప్పించుకోవడం. జాన్ జియానాండ్రియాతో కలిసి ఆయన ఆ పద్ధతిని రాశాడు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజరులో అది ఉంది.

ఇక్కడొక సంగతి దాటవేయలేను. ప్రతి బ్రౌజరుకూ ఒక శాశ్వత నంబరు ఇచ్చేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచనా అప్పట్లో వచ్చింది. అలా చేస్తే అన్ని సైట్లూ ఆ ఒక్క నంబరుతోనే మనిషిని పోల్చుకుంటాయని మోంటూలి వద్దన్నాడు. ఏ సైటు గుర్తు ఆ సైటుదే, ఒకరిది ఇంకొకరికి కనిపించకూడదు అన్నది ఆయన పెట్టుకున్న కట్టుబాటు. ఒక చాకలాయన గుర్తు ఇంకో చాకలాయనకు అర్థం కానట్టు. ఆ కట్టుబాటుకు సందు ఎక్కడ దొరికిందో తర్వాత చూద్దాం.

ముందు గుర్తు ఎలా పడుతుందో దగ్గరగా చూద్దాం. కడప నుంచి హైదరాబాదుకు రాత్రి బస్సు టికెట్టు కొంటున్నారు. పేజీ ఇమ్మని మీ బ్రౌజరు సర్వరును అడుగుతుంది. సర్వరు పేజీతోపాటు, మన కంటికి కనపడని ఒక వరుస కూడా పంపుతుంది: 'ఈ పేరుతో ఈ విలువ దాచుకో.' బ్రౌజరు ఎదురు ప్రశ్న వేయకుండా దాచుకుంటుంది. మీరు కిటికీ పక్క సీటు నొక్కుతారు. ఆ కోరికతోపాటు బ్రౌజరు ఇందాకటి వరుసను కూడా తిరిగి పంపుతుంది. సర్వరు దాన్ని చూసి, 'ఓహో, ఇందాక కడప బస్సులు చూసినాయనే' అనుకుని మీ సీటు పట్టి ఉంచుతుంది. ప్రయాణికుల పేర్ల పేజీ, డబ్బు కట్టే పేజీ, ప్రతి అడుగులోనూ ఇదే తంతు. ఈ గుర్తే లేకపోతే పేర్ల పేజీకి వచ్చేసరికి మీ సీటు సంగతి సర్వరు మరిచిపోయి ఉంటుంది, మళ్ళీ కడప దగ్గర మొదలుపెట్టాలి.

ఆ విలువలో మీ పేరో ఫోను నంబరో ఉంటుందనుకుంటారు చాలామంది. మంచి సైటులో అలా ఉండదు. ఉండేది అర్థంపర్థం లేని పొడవాటి అంకెలు, అక్షరాల గుంపు. అసలు వివరాలన్నీ సర్వరు దగ్గరుండే పుస్తకంలో ఉంటాయి. మన దగ్గరున్నది చాకలి గుర్తయితే, అక్కడున్నది చాకలి పద్దు. గుర్తు చూసి పద్దు తెరుస్తారు. ఆ గుంపు అంత పొడవుగా, అంత అడ్డదిడ్డంగా ఉండడం కావాలని చేసిందే. నా గుర్తు 1042 అయితే, ఊరికే 1043 అని మార్చి పంపి పక్కవాడి పద్దు తెరిపించుకోవచ్చు. ఎవరూ ఊహించలేని గుర్తయితే ఆ ఆట సాగదు.

కంప్యూటరు ఉన్నవాళ్ళు దీన్ని కళ్ళారా చూడొచ్చు. క్రోమ్‌లో ఏదైనా సైటు తెరిచి ఎఫ్12 మీట నొక్కండి. పక్కన తెరుచుకునే పలకలో 'అప్లికేషన్' అన్నచోటికి పోతే కుకీల పట్టిక కనిపిస్తుంది: పేరు, విలువ, ఏ సైటుది, గడువెప్పుడు. చాలా సైట్లలో 'అండర్‌స్కోర్ జీఏ' అనే పేరుతో ఒక వరుస ఉంటుంది. సైటుకు ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ గుర్తు అది. దాని విలువలో చుక్కలు పెట్టి విడదీసిన అంకెలుంటాయి. అన్నిటికన్నా చివరి అంకెను పట్టుకోండి. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లవి. అక్కడ 1718000000 అని ఉంటే, ఆ సైటు మిమ్మల్ని మొదటిసారి లెక్కలో వేసుకున్నది 2024 జూన్ 10, సోమవారం, మన టైము ఉదయం 11 గంటల 43 నిమిషాలకు. నాకు పెళ్ళిరోజే సరిగ్గా గుర్తుండదు. ఈ కుకీ, ఎవరూ కదపకపోతే, క్రోమ్‌లో 400 రోజుల దాకా ఉంటుంది.

కుకీ అంటే వైరస్సని భయపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కుకీ ప్రోగ్రాము కాదు. అది తనంతట తాను పరుగెత్తదు, మన ఫోటోలు తెరవదు. అదొక చీటీ, అదీ చాలా చిన్న చీటీ. ఒక్కోటి 4096 బైట్లు దాటితే బ్రౌజర్లు మామూలుగా ఒప్పుకోవు. తెలుగు దాంట్లో నేరుగా రాయడానికీ లేదు. మామూలు ఇంగ్లీషు గుర్తులతోనే ఉండాలి కాబట్టి తెలుగును గుర్తులుగా విడగొట్టి రాస్తారు. అలా రాస్తే మన లిపిలోని ఒక్కో సంకేతానికి 9 గళ్ళు పడతాయి. 'కర్నూలు' అన్న మాటలో పొల్లు, దీర్ఘం, కొమ్ము అన్నీ కలిపి అలాంటివి 7. అంటే మా ఊరి పేరుకు 63 గళ్ళు. ఇంగ్లీషులో రాస్తే 7 గళ్ళతో పోతుంది. మీరు తెలుగు ఎంచుకున్నారని గుర్తుపెట్టుకోవడానికి సైట్లు 'తెలుగు' అని రాయవు, రెండక్షరాల ఇంగ్లీషు సంకేతం రాసుకుంటాయి. దానికి కారణం తెలుగు మీద ప్రేమ లేకపోవడం కాదు, ఏ భాషకైనా అలాంటి పొట్టి సంకేతం వాడడమే రివాజు.

ఇక ఈ చీటీ మనుషుల మధ్యకు వస్తే ఏమవుతుందో, కలెక్టరేటు దగ్గరున్న ఒక నెట్ సెంటరులో చూశాను.

ఈ నెట్ సెంటర్లంటే కర్నూలు, కడప వైపు సగం ఊరికి కచేరీలు. జిరాక్సు, లామినేషను, పాస్‌పోర్టు ఫోటోలు, వీటి మధ్య ఓ నాలుగు కంప్యూటర్లు. మీభూమి సైటులో అడంగల్, 1-బి తీయించుకోవడానికి పత్తికొండ వైపు నుంచి వచ్చిన రైతులు, హాల్ టికెట్ల కోసం పిల్లలు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం వాళ్ళ తల్లులు. ఒకే కంప్యూటరు, ఒకే బ్రౌజరు, రోజుకు నలభై మంది. తుంగభద్ర ఒడ్డున ఒకే బండ లాంటిదే, కాకపోతే ఇక్కడ చొక్కా కూడా ఒక్కటే. అందరూ అదే తొడుక్కుని పోతుంటారు.

ఆ రోజు ఏదో కాలేజీ కౌన్సెలింగు. ఒక కుర్రాడు కాలేజీలు ఎంచుకుని, ప్రింటు తీసుకుని, మూలనున్న ఇంటు గుర్తు నొక్కి లేచిపోయాడు. రెండు నిమిషాలకు అదే కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని అదే సైటు తెరిచింది. లాగిన్ అడగలేదు. నేరుగా ఇందాకటి కుర్రాడి పేరు, ర్యాంకు, అతను ఎంచుకున్న కాలేజీల వరుస ప్రత్యక్షం. అమ్మాయి మంచిది కాబట్టి భయపడి సెంటరాయన్ను పిలిచింది. ఆయన నుదురు కొట్టుకున్నాడు. "క్లోజ్ కొట్టి పాయ సార్. అంతటితో అయిపాయ అనుకున్యాడు."

అక్కడే ఉంది అసలు చిక్కు. పేజీ మూయడం వేరు, లాగౌట్ చేయడం వేరు. లాగౌట్ నొక్కితే సర్వరు తన పద్దులో ఆ లెక్క కొట్టేస్తుంది. ఇక ఆ గుర్తు ఎవరి దగ్గరున్నా చెల్లదు. పేజీ మూస్తే గుర్తు బ్రౌజరులో అలాగే ఉంటుంది, పద్దూ తెరిచే ఉంటుంది. గడువు రాయని కుకీలుంటాయి. వాటిని సెషన్ కుకీలంటారు. బ్రౌజరును పూర్తిగా మూసినప్పుడు అవి పోవాలి. ఒక్క ట్యాబు మూస్తే పోవు. పైగా 'ఇందాక ఎక్కడ ఆపామో అక్కడినుంచి' అనే సెట్టింగు పెట్టి ఉంటే బ్రౌజరు మూసినా పోకపోవచ్చు. అందుకే డబ్బుతో పనున్న సైట్లు కొన్ని నిమిషాలు మన ఉలుకూపలుకూ లేకపోతే తామే పద్దు మూసేస్తాయి. ఓటీపీ కోసం ఫోను వెతుక్కునేలోపు 'మీ సెషన్ ముగిసింది' అని విసిరికొట్టే ఆ పాడు వాక్యం, మనల్ని విసిగించడానికి పెట్టింది కాదు. ఆ నెట్ సెంటరు కుర్రాడి లాంటివాళ్ళ కోసం పెట్టింది. తెలిసినా చిరాకు తగ్గదనుకోండి.

గుర్తు చేతికి చిక్కితే చాలు, పాస్‌వర్డుతో పనిలేదని దొంగలకు ఎప్పుడో తెలుసు. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అనే చిన్న పనిముట్టు బయటపెట్టాడు. ఉచిత వైఫై ఉన్నచోట కూర్చుని దాన్ని నడిపితే, చుట్టుపక్కలవాళ్ళ కుకీలు గాల్లోంచి దొరికేవి. ఒక్క నొక్కుతో వాళ్ళ ఫేస్‌బుక్కులోకి దూరిపోవచ్చు. దొంగతనం ఎంత సులభమో చూపించి సైట్లకు సిగ్గు తెప్పించాలన్నదే అతని ఉద్దేశం, అది కొంతవరకు నెరవేరింది. ఇవాళ చాలా సైట్లు దారంతా తాళం వేసిన హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తున్నాయి. కుకీ మీద 'సెక్యూర్' అని రాసి ఉంటే తాళం లేని దారిలో బ్రౌజరు దాన్ని బయటికి తీయదు. 'హెచ్‌టీటీపీ ఓన్లీ' అని ఉంటే పేజీలోకి చొరబడిన పరాయి స్క్రిప్టు దాన్ని చదవలేదు. దొంగలూ దారి మార్చారు. ఇప్పుడు వాళ్ళు గాల్లో వల వేయడం లేదు, మన కంప్యూటరులోకే వస్తున్నారు. 2023 మార్చిలో కెనడాలోని లైనస్ టెక్ టిప్స్ అనే పేరున్న యూట్యూబ్ ఛానల్ ఇలాగే పరాయివాళ్ళ చేతికి పోయింది. ఎవరో పంపిన ఒప్పంద పత్రం లాంటి ఫైలును ఉద్యోగి ఒకరు తెరిచారు. లోపలున్న ప్రోగ్రాము బ్రౌజరులోని గుర్తులన్నీ ఊడ్చుకుపోయింది. పాస్‌వర్డూ అడగలేదు, ఓటీపీ కూడా అడగలేదు. ఆ రెండూ దాటి లోపలికి వచ్చినవాడికి ఇచ్చే చీటీయే కదా కుకీ! వాట్సాప్‌లో వచ్చే 'పెళ్ళి శుభలేఖ' ఫైళ్ళను తెరవొద్దని పోలీసులు చెప్పేది ఇలాంటి పనులు చేసే ప్రోగ్రాముల గురించే.

ఇంతవరకు మనకూ మన సైటుకూ మధ్య వ్యవహారం. మూడోవాడు ఎక్కడినుంచి వచ్చాడో చూడాలంటే ప్రొద్దుటూరు పోవాలి.

ప్రొద్దుటూరు బంగారానికీ బట్టలకూ పేరు. పెళ్ళి పెట్టుకున్న ఇంటివాళ్ళు ముందు నగల అంగడికి పోతారు, తర్వాత చీరల అంగడికి, ఆ తర్వాత స్టీలు సామాన్ల అంగడికి. ఒక అంగడికి ఇంకో అంగడితో సంబంధం లేదు. అయితే అన్ని అంగళ్ళలోకీ టీ తెచ్చే కుర్రాడు ఒక్కడే అనుకోండి. నగల అంగట్లో మీకు టీ ఇస్తూ మీ తువ్వాలు అంచున చిన్న గుర్తు పెట్టాడు. చీరల అంగట్లో అదే గుర్తు చూశాడు. సామాన్ల అంగట్లోనూ చూశాడు. మీ పేరేమిటో అతనికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. సాయంత్రానికి కళ్యాణ మండపం వాడికీ వంటవాళ్ళకూ కబురు పోయింది: ఫలానా గుర్తున్న తువ్వాలాయన ఇంట్లో పెళ్ళి.

థర్డ్ పార్టీ కుకీ అంటే ఆ టీ కుర్రాడు పెట్టిన గుర్తు. మీరు వ్యవసాయ మోటార్ల ధరల పేజీ తెరుస్తారు. ఆ పేజీలో ఒక మూల ప్రకటన పెట్టె ఉంటుంది. దాన్ని నింపేది ఆ సైటువాళ్ళు కాదు, దూరంగా ఉన్న ప్రకటనల కంపెనీ సర్వరు. బొమ్మ తెచ్చుకోవడానికి మీ బ్రౌజరు ఆ సర్వరు తలుపు తట్టాలి. తట్టినప్పుడు అది తన గుర్తు పెట్టేస్తుంది. గంట తర్వాత మీరు క్రికెట్ స్కోరు చూస్తారు, రాత్రికి సినిమా వార్తలు. అక్కడా అదే కంపెనీ పెట్టె. గుర్తు తిరిగి వెళుతుంది, 'ఏ పేజీ నుంచి వచ్చాను' అన్న సమాచారంతో సహా. ఇక బోరు మోటారు మిమ్మల్ని వదలదు. మీరు కొనేసి, బోరులో దించి, నీళ్ళు పడక తలపట్టుకుని కూర్చున్న తర్వాత కూడా అదే మోటారు బొమ్మ మెరుస్తుంటుంది. కొన్నారన్న కబురు టీ కుర్రాడికి ఇంకా అందలేదు. మీరు పేజీ తెరిచిన ఆ క్షణంలో, ఆ పెట్టె ఎవరికి దక్కాలో వేలం కూడా నడుస్తుంది. ఆదోని మార్కెట్లో పత్తి కుప్ప ముందు వ్యాపారులు నిలబడినట్టు మీ గుర్తు ముందు కంపెనీల ప్రోగ్రాములు నిలబడి పాట పాడతాయి, కనురెప్ప వేసేలోపు కొట్టేస్తాయి. పత్తి రైతుకైతే పాట ఎంతకు పోయిందో తెలుస్తుంది.

మోంటూలి కట్టుబాటు ఇక్కడ అక్షరాలా చెల్లింది, అసలు ఉద్దేశమే దెబ్బతింది. ఒకరి గుర్తు ఒకరు చదవడం లేదు, నిజమే. కానీ ఆ ఒక్కడే ప్రతి అంగట్లోనూ ఉంటే కట్టుబాటుకు అర్థమేముంది?

జనానికి ఈ గుర్తుల సంగతి 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాసేదాకా తెలియదు. మరుసటి ఏడాది ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజనీర్లు, మూడోవాడి గుర్తును బ్రౌజర్లు మామూలుగా ఒప్పుకోకూడదని రాతపూర్వకంగా చెప్పారు. అప్పటి రెండు పెద్ద బ్రౌజర్లూ ఆ మాట పెడచెవిన పెట్టాయి. అప్పుడే అడ్డుకట్ట వేసి ఉంటే ఈ అధ్యాయం సగం అవసరమే ఉండేది కాదు. పాతికేళ్ళ తర్వాత గానీ గాలి మారలేదు. ఆపిల్ సఫారీ 2020 మార్చిలో మూడోవాడి కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే పెట్టి మూత వేస్తోంది. టీ కుర్రాడు ప్రతి అంగడికీ కొత్త తువ్వాలునే చూస్తాడన్నమాట. మన ఫోన్లలో ఎక్కువగా ఉండే క్రోమ్ కథ వేరు. రెండేళ్ళలో తీసేస్తామని 2020లో గూగుల్ చెప్పింది. వాయిదా మీద వాయిదా వేసి, 2024 జూలైలో ఆ ఆలోచన మానుకుంది. ప్రకటనల మీద బతికే కంపెనీయే బ్రౌజరునూ తయారుచేస్తున్నప్పుడు ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ నాకు కనిపించదు.

కాబట్టి క్రోమ్ వాడేవాళ్ళు ఆ పని తామే చేసుకోవాలి. ఫోనులో పై మూలనున్న మూడు చుక్కలు నొక్కి సెట్టింగుల్లోకి, అక్కడినుంచి సైట్ సెట్టింగుల్లోకి పోతే థర్డ్ పార్టీ కుకీల అరలో 'బ్లాక్' కనిపిస్తుంది. ఒక్కసారి నొక్కితే చాలు. అలా చేస్తే బ్యాంకు పనిచేయదేమో, టికెట్టు రాదేమో అని అడుగుతుంటారు. ఆ సైట్ల సొంత గుర్తులు వేరు, వాటికేమీ కాదు. ఎప్పుడైనా ఒక సైటులో వేరేవాళ్ళ లాగిన్ పలకో వీడియోనో మొరాయిస్తే ఆ ఒక్క సైటుకు మినహాయింపు ఇవ్వొచ్చు. నా ఫోనులో అది ఆపేసిన తర్వాత మినహాయింపు ఇవ్వాల్సి వచ్చిన సందర్భాలు ఒక చేతి వేళ్ళు దాటలేదు.

నేను మాత్రం వద్దని చెప్పేది, ఎవరో భయపెట్టారని వారానికోసారి కుకీలన్నీ తుడిచేయడం. చొక్కాలన్నిటి మీది గుర్తులూ ఒకేసారి చెరిపితే చాకలాయన తికమకపడతాడు. అన్ని సైట్లూ మళ్ళీ లాగిన్ అడుగుతాయి, పాస్‌వర్డులు గుర్తుండవు, చివరికి అన్నిటికీ ఒకటే పాస్‌వర్డు పెట్టుకుంటారు. అది కుకీ కన్నా పెద్ద ప్రమాదం. తుడవాలనుకుంటే చిరునామా గీత పక్కనున్న గుర్తు నొక్కి, ఏ సైటు మీద అనుమానమో ఆ సైటు కుకీలనే తీసేయొచ్చు. ఇంకో పొరపాటు: ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే ఎవరికీ కనపడమనుకోవడం. అది ముఖ్యంగా చేసే పని, ఆ కిటికీలు మూసినప్పుడు అప్పటిదాకా పోగైన గుర్తులను పారేయడం. మీరు ఏ సైట్లకు పోతున్నారో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. అద్దె కంప్యూటరు మీద పని చేసుకునేవాళ్ళకు మాత్రం దాన్ని మించింది లేదు.

కుకీలకు ఒప్పుకుంటారా అని అడిగే పలకల సంగతి ఒక ముక్క. అవి యూరప్ చట్టాల నుంచి వచ్చాయి. ముందే టిక్కు పెట్టి ఉంచి, 'మీరు కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే' అంటే కుదరదని 2019లో యూరప్ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఒప్పుకున్నంత తేలికగా కాదనే వీలు ఇవ్వలేదని ఫ్రాన్స్ అధికారులు 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేశారు. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కుకీ అన్న పేరెత్తకపోయినా, మనిషిని పోల్చే సమాచారం తీసుకోవాలంటే అతని స్పష్టమైన ఒప్పుదల కావాలంటుంది ఆ చట్టం. నాకు అందులో నచ్చినవి రెండున్నాయి. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులో కూడా, చదువుకునే వీలివ్వాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ వెంటబడి వాళ్ళ నడవడి గమనించకూడదు, వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు. నెట్ సెంటరులో కౌన్సెలింగు కోసం కూర్చునే ఇంటర్ పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండవు. ఆ తెరమీది ప్రకటనల పెట్టెలకు అది ఎలా తెలుస్తుందో చూడాలి.

మన జిల్లాల్లో ఇప్పుడు చాలా పనులు బ్రౌజరు దాకా రావడం లేదు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో 'మన మిత్ర' మొదలుపెట్టింది. 161 సేవలతో ఆరంభమైన ఆ పద్ధతిలో మన గుర్తు కుకీ కాదు, ఫోను నంబరే. యాప్‌లలోనూ కుకీలతో పని తక్కువ. ప్రకటనల కోసం ఆండ్రాయిడ్ ప్రతి ఫోనుకూ ఒక ఐడీ ఇస్తుంది. గూగుల్ సెట్టింగుల్లో ప్రకటనల విభాగంలోకి పోయి దాన్ని తీసేయొచ్చు. ఫోను నంబరుకు అలాంటి మీట లేదు. మోంటూలి వద్దన్న శాశ్వత గుర్తును మనం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం, అడిగిన ప్రతి అంగట్లోనూ బిల్లు మీద రాయిస్తున్నాం.

ఆ నెట్ సెంటరాయన్ను నెల తర్వాత కలిశాను. అన్ని విండోలూ మూసినప్పుడు సైట్లు దాచిన డేటా దానంతటదే పోయేలా నాలుగు కంప్యూటర్లలోనూ సెట్టింగు మార్చుకున్నాడు. ఒక్కో మనిషి లేవగానే తానే వచ్చి బ్రౌజరు పూర్తిగా మూసేస్తున్నాడు. నేను మెచ్చుకునేలోపే పక్క కుర్చీలోంచి ఒక పెద్దాయన విసుక్కుంటూ లేచాడు. వారానికోసారి కొడుకు పేరున దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి వస్తాడట.

"ఏందన్నా, నిన్నమొన్నటి దాకా తెరిస్తే చాలు వాని పేరు దానంతట అదే వస్తుండె. ఇప్పుడు ప్రతిసారీ పాస్‌వర్డంటాది. నీ మిషన్లు పాడైనట్టుండాయి, చూపీయి ఎవురికన్నా."